మంద చూలు కట్టకున్న తప్పు మేకదా, దాణాదా?

గత నెల మన సంఘపు సర్వసభ్య సమావేశమున ఒక ప్రశ్న వచ్చినది. వేరుశెనగ చెక్క వెల పెరిగినది. పత్తిగింజల చెక్క అంతకంటె చౌకగా దొరకుచున్నది. కావున సంఘము పత్తిచెక్కనే పెద్దమొత్తమున కొని, మేకలను పెంచు సభ్యులందరికిని పంచినచో లాభము గదా యని పలువురు సూచించిరి. మా యభిప్రాయ మడుగగా, ఇది సభలో రెండు మాటలతో తేల్చదగినది కాదనియు, పత్రికలో వ్రాసెదమనియు మనవి చేసితిమి. ఆ మాట చెల్లించుకొనుటకే ఈ నాలుగు పంక్తులు.

మా యభిప్రాయము ముందే చెప్పివేయుదుము. పాలిచ్చు గేదెకును, ఎదిగిన ఆడమేకకును మితముగా పెట్టిన పత్తిచెక్క మంచి దాణాయే. కాని మందను కట్టు పోతుకును, రేపు పోతు కావలసిన మగపిల్లకును అది తగదు. సంఘము చౌకను మాత్రమే చూచి ఒకే బస్తాను అన్ని పశువులకును పంచినచో, మనము దాణాలో మిగుల్చుకొన్న రూపాయిని పిల్లలలో పోగొట్టుకొందుము. ఇట్లు చెప్పుటకు గల కారణములను క్రమముగా వివరింతుము.

మొదట మా తప్పొకటి ఒప్పుకొనవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట పత్తి మిల్లులకు దగ్గరనున్న ఒక గ్రామమున మేము పని చేయుచుంటిమి. అచ్చటి మేకల కాపరులకు వేసవిలో మేత చాలక, పోతులు బక్కచిక్కి యుండెను. పత్తిచెక్కలో మాంసకృత్తులు మెండు, వెల తక్కువ. పోతులకు కడుపునిండ పెట్టుడని మేమే చెప్పితిమి. పోతులు నున్నగా, బలముగా తయారైనవి. చూచి సంతోషించితిమి. తొలకరిలో మేకలను కట్టించిరి. మూడు వారములు తిరుగకముందే చాల మేకలు మరల ఎదకు వచ్చినవి. మరల కట్టించిరి, మరల అదే వరుస. కార్తీకమునకు ఊరిలో పిల్లల అరుపు వినబడవలసినది, వినబడలేదు. అప్పటికే కొందరు కాపరులు “గొడ్డు మేకల”ని పేరుపెట్టి మంచి మేకలను కటికవానికి అమ్మివేసిరి.

ఆ దినములలో ఒక వృద్ధ కాపరి మాతో నన్న మాట నేటికిని మరువలేదు. “అయ్యా, ఒక మేక గొడ్డుపోయిన దాని రాత యనుకొందుము. మందంతయు ఒక్క యేడే గొడ్డుపోవునా? అన్నిటికిని ఉమ్మడిగా నున్నది పోతొక్కటే గదా?” అని అడిగెను. “నిజమే పెద్దయ్యా, మేమా వైపు చూడలేదు” అని తలవంచుకొంటిమి. ఆయన చదువుకొన్నవాడు కాడు. కాని మేము చదువుకొనియు వేయని ప్రశ్నను ఆయన వేసెను. పోతులకు పత్తిచెక్క మాన్పించి, మేత మార్పించితిమి. మరుసటి కట్టుబడిలో మేకలు నిలిచినవి. ఆ యేట ఎండలు కూడ మిక్కుటముగా నుండెను. ఎండ వేడిమియు పోతు శక్తిని తగ్గించును. కావున తప్పంతయు చెక్కదే యని మేము ప్రమాణము చేయజాలము. కాని ఆనాటినుండి ఈ విషయమై దొరకిన దంతయు చదువుచు వచ్చితిమి. చదివినకొలది అనుమానము బలపడినదే గాని తొలగలేదు.

పత్తిగింజను అడ్డముగా కోసి చూచినచో లోపలి పప్పులో నల్లని చిన్న చుక్కలు కానవచ్చును. అవి గ్రంథులు. వానిలో గాసిపాల్ అను పసుపుపచ్చని పదార్థ ముండును. పురుగులు తన్ను తినకుండ పత్తిమొక్క తయారుచేసికొను రక్షణ యిది. గింజలోనే గాక ఆకులోను, కొమ్మలోను, వేరులోను గూడ నుండును. 1899లో మార్క్లెవ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధిచేసి ఈ పేరు పెట్టెను.

ఇది మగతనమును చెరచునని లోకమునకు తెలిసిన విధము విచిత్రమైనది. చైనా దేశమున 1950ల దశకములో కొన్ని పల్లెలలో జనులు శుద్ధిచేయని పత్తిగింజల నూనెతో వంట చేసికొనసాగిరి. ఆ పల్లెలలో సంతానము కలుగుట తగ్గిపోయెను. విచారింపగా కారణము నూనెలోని గాసిపాల్ అని తేలినది. పిమ్మట 1970ల దశకములో ఆ దేశపు వైద్యులు దీనినే పురుషులకు గర్భనిరోధక ఔషధముగా ఎనిమిదివేల మందికి పైగా ఇచ్చి చూచిరి. మందు పనిచేసినది, కాని కొందరి రక్తములో పొటాసియము పడిపోయెను, కొందరికి మందు మానిన తరువాతను సంతానశక్తి తిరిగి రాలేదు. అందుచే ఆ ప్రయత్నము విడువబడినది. మనుష్యునికి సంతానము వద్దనుకొన్నప్పుడు ఇచ్చి చూచిన పదార్థమును, సంతానము కొరకే పెంచు పోతు ముందు మనము తట్టలతో పోయుచున్నామని సభ్యులు గమనింపవలెను.

“మేక మనిషి కాదు గదా, నెమరువేయు జంతువు గదా?” అని అడుగువారు గలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎదిగిన మేక పెద్దకడుపులో కోట్లకొలది సూక్ష్మజీవులు గలవు. అవి మేతను పులియబెట్టునప్పుడు గాసిపాల్‌లో చాల భాగము మాంసకృత్తులతో కలిసి బంధింపబడి హాని చేయకుండ పోవును. కావుననే పందికిని కోడికిని కీడుచేయు మోతాదు గేదెను ఏమియు చేయదు. కాని ఈ రక్షణకు మూడు హద్దులు గలవు. మొదటిది వయస్సు: పాలుత్రాగు పిల్లకును, అప్పుడే మేతకు దిగిన పిల్లకును పెద్దకడుపు పూర్తిగా తయారుకాలేదు, దానికి గాసిపాల్ సూటిగా విషమే. రెండవది మోతాదు: కడుపు బంధింపగలిగిన దానికంటె ఎక్కువ పెట్టినచో మిగిలినది రక్తములోనికి పోవును. మూడవది కాలము: దినదినము కొంచెము కొంచెముగా నెలల తరబడి పెట్టినను శరీరమున చేరుచుండును.

ఇంకొక మాట. పశువు ప్రాణమునకు హానిలేని మోతాదు దాని బీజమునకు హానికరము కావచ్చును. అమెరికాలో 1990ల దశకములో బ్రహ్మన్ జాతి కోడెలకు పత్తిగింజల చెక్క పెట్టి పరీక్షించిరి. ఆ జాతి మన ఒంగోలు మొదలగు భారతీయ జాతుల రక్తముతో ఏర్పడినదే. కోడెలు పైకి ఆరోగ్యముగనే యుండెను. వాని వీర్యమును సూక్ష్మదర్శినిలో చూడగా, వీర్యకణముల నడిమి భాగమున లోపములు కనబడినవి. కణము ఈదుటకు కావలసిన శక్తి పుట్టునది ఆ నడిమి భాగముననే. అది చెడినచో కణము గమ్యము చేరజాలదు. కావుననే పత్తిచెక్క తినిన పోతు నున్నగా బలిసి, మేకల వెంట ఉత్సాహముగా తిరుగుచుండినను మేక చూలు కట్టకపోవచ్చును. కాపరి కంటికి పోతులో లోపము కనబడదు. కనబడునది మేక మరల ఎదకు వచ్చుట మాత్రమే. అందుచే నింద మేకపై పడును. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, పోతు దాణాలోని దోషమునకు మేక మెడ తెగుచున్నది.

“మా తాతలు ఎడ్లకును గేదెలకును పత్తిగింజలు నానబెట్టి రుబ్బి పెట్టిరి, వారికి లేని బాధ మాకేల?” అని ఒక సభ్యుడు సభలో అడిగెను. ఈ మాట మేము తోసివేయము. కాని వారు పెట్టిన దెవరికో ఆలోచింపుడు. అరకకు కట్టు ఎద్దుకు పెట్టిరి. అది విత్తుకొట్టిన పశువు, దానికి పోవుటకు సంతానశక్తియే లేదు. పాడిగేదెకు పెట్టిరి, ఆడపశువుల సంతానమునకు గాసిపాల్ చేయు చెరుపు మగపశువుల విషయమున కంటె చాల తక్కువ. పైగా వారు గంపెడు పచ్చగడ్డి, చొప్పలతో కలిపి గుప్పెడు గింజలు పెట్టిరి. మనవలె బస్తాలు విప్పలేదు. తాతల యనుభవము సత్యమే. అది పోతు విషయమున సాక్ష్యము కాదు.

ఇక చౌక సంగతి. ఇది లెక్కతో తేలవలసిన మాట. నలుబది కిలోల లోపు బరువుగల పోతుకు రోజునకు 300 గ్రాముల దాణా పెట్టుదు మనుకొందము. అందులో చెక్క పాలు నూటికి 20 అనగా 60 గ్రాములు. తొంబది దినములకు 5 కిలోల 400 గ్రాములు. వేరుశెనగ చెక్క పత్తిచెక్కకంటె కిలోకు 20 రూపాయలు ఎక్కువ యనుకొన్నను, పోతుకు దానిని పెట్టుటవలన అదనపు వ్యయము 108 రూపాయలు మాత్రమే. ఆ పోతు కట్టవలసిన మేకలు 25 మొదలు 30 వరకు. అందులో ఒక్క పిల్ల తగ్గినను ఎంత నష్టమో మాకంటె మీకే బాగుగా తెలియును. మందకంతకును చౌకదాణా వెదకుడు, మంచిదే. పోతు ముంతలో మాత్రము చౌక వెదకవలదు.

ఇంతమాత్రమున పత్తిచెక్కను వదలి మరియొకదానిని కన్నుమూసికొని పెట్టినచో, పెనము మీదినుండి పొయ్యిలో పడినట్లగును. కావున తక్కిన దినుసుల సంగతియు కొంత చెప్పవలెను.

వేరుశెనగ చెక్క మంచిదే. కాని బూజుపట్టిన చెక్క చెడ్డది. 1960లో ఇంగ్లండు దేశమున సుమారు లక్ష టర్కీ కోళ్లు చనిపోగా, బూజుపట్టిన వేరుశెనగ చెక్కలోని అఫ్లటాక్సిన్ అను విషము దానికి కారణమని తేలినది. ఆ విషము కాలేయమును చెరచును. కాలేయము చెడిన పోతు మందకు పనికిరాదు. చెక్కను విరిచి చూడుడు. ఆకుపచ్చని బూజుగాని, ముక్కవాసనగాని యున్నచో పెంటలో వేయుడు. కొట్టులో నేలపై గాక బల్లపై పేర్చుడు.

తవుడు మితి మీరరాదు. తవుడులో భాస్వరము ఎక్కువ, సున్నము తక్కువ. తవుడు, ధాన్యము మాత్రమే దాణాగా తినిన మగమేకలకు మూత్రనాళమున రాళ్లు చేరి మూత్రము కట్టును. పోతు మూలుగుచు, ముక్కుచు, వెనుకకాళ్లు చాచి నిలుచుండినచో అది పశువైద్యుని పిలువవలసిన గడియ. సున్నము, భాస్వరము రెండు పాళ్లకు ఒకటిగా నుండునట్లు ఖనిజ లవణ మిశ్రమమును చేర్చి, ఎల్లవేళల మంచినీరు ఉంచినచో ఈ యాపద చాలవరకు తప్పును.

సుబాబుల్ ఆకు మేకకు ప్రీతి, మాంసకృత్తులును మెండు. కాని దానియందు మిమోసిన్ అను పదార్థము గలదు. ఎక్కువైనచో వెండ్రుకలు రాలును, మెడలోని గ్రంథి ఉబ్బును, బరువు తగ్గును. హవాయి దీవులలోని మేకల కడుపులో దీని విషమును విరిచివేయు సూక్ష్మజీవులు గలవని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1980ల దశకములో కనుగొని, వానిని తమ పశువుల కడుపులోనికి ఎక్కించిరి. ఒక దేశపు మేక తట్టుకొన్న మేతను మరియొక దేశపు మేక తట్టుకొనక పోవచ్చునని దీనివలన తెలియుచున్నది. మన పోతులకు మేతలో మూడవవంతు మించకుండ సుబాబుల్ వేసి, తక్కినది అవిసె, తుమ్మ, రావి, చెట్టుచేమల రొట్టతో నింపుట మేలు.

కొన్ని వస్తువులు ఉండుటవలన చెరుపు; కొన్ని లేకుండుటవలన చెరుపు. జింకు అను లోహపు టంశము చాలనిచో మగపిల్లల వృషణములు సరిగా పెరుగవు, చర్మము మందమై పొక్కును, గిట్టలు చెడును. పచ్చమేత లేక ఎ విటమిను తగ్గినచో బీజము పుట్టు పొర క్షీణించును. వేసవి మూడు నెలలు ఎండుచొప్ప మాత్రమే తినిన పోతును తొలకరిలో మందలోనికి విడుచుట, విత్తనము మొలకెత్తునో లేదో చూడక పొలమున చల్లుట వంటిది. అట్లని బలియబెట్టుటయు తగదు. క్రొవ్వు పట్టిన పోతు బద్ధకించును. బీజకోశము చుట్టు క్రొవ్వు చేరి చల్లదనము తగ్గుటచే బీజము చెడును.

ఇప్పుడు ముఖ్యమైన లెక్క. పోతు వృషణములో ఒక వీర్యకణము పుట్టి తయారగుటకు సుమారు 48 దినములు పట్టును. పిమ్మట అది బయటికి వచ్చు నాళములో పండుటకు దాదాపు రెండు వారములు. అనగా నేడు పోతు మందలో విడుచు బీజము రెండు నెలల క్రిందటి మేతతో తయారైనది. ఆషాఢమున మేకలను కట్టదలచినవారు చైత్రము చివరనే పోతు దాణాను సరిచేయవలెను. కట్టుబడి దినమున పత్తిచెక్క మానిన ప్రయోజనము లేదు. అరువది దినములు, వీలైన తొంబది దినములు ముందే మానవలెను. చెక్క మాన్పించిన ఎదిగిన పశువులలో చాలవరకు శక్తి తిరిగి వచ్చునని అనుభవము. కావున భయపడి పోతును అమ్ముకొనవలసిన పనిలేదు, ముందుచూపు చాలును.

పోతు దాణాకు మేము చెప్పు కొలత యిది: నూరు పాళ్లలో మొక్కజొన్న లేక జొన్న 40, బూజులేని వేరుశెనగ చెక్క 20, కందిపొట్టు లేక శెనగపొట్టు 20, తవుడు 17, ఖనిజ లవణ మిశ్రమము 2, ఉప్పు 1. దీనితోపాటు పచ్చిరొట్ట కడుపునిండ ఉండవలెను.

గాసిపాల్‌ను విరుచుటకు అన్నభేది కలుపవచ్చునని కొందరు విని యున్నారు. ఇనుము గాసిపాల్‌ను బంధించుమాట నిజమే. కోళ్ల దాణా తయారుచేయువారు తూకముతో వాడుదురు. కాని ఇంటిలో చేతికొలతతో వేయవలదు. ఇనుము మితిమీరినచో అదియును విషమే. మానుట సులభమైనప్పుడు మందుతో పని యేల?

ఇక సంఘము చేయవలసిన దానిని గూర్చి మా సూచనలు మూడు.

మొదటిది, సంఘము పత్తిచెక్కను కొనవచ్చును. కాని పోతులకును మగపిల్లలకును వేరుగా పైని చెప్పిన దాణాను కలిపించి, వేరు బస్తాలలో, వేరు గుర్తుతో అమ్మవలెను. ఆ బస్తా వెల కొంత యెక్కువైనను, ఆ భారమును మందంతటిపై పంచినచో ఎవరికిని తెలియదు. సంఘమనగా నిదియే గదా. ఒక్కనికి మోయలేనిది పదిమందికి తేలిక.

రెండవది, చెక్క కొనునప్పుడు అది ఏ విధముగా నూనె తీసినదో మిల్లువారిని అడుగవలెను. వేడిచేసి మరలో ఒత్తి తీసిన చెక్కలో స్వేచ్ఛగా నుండు గాసిపాల్ తక్కువ. వేడిలేక కేవలము ద్రావకముతో నూనె లాగిన పిండిలో ఎక్కువ. పచ్చి గింజలో అన్నిటికంటె ఎక్కువ. ఒక రైతు అడిగిన మిల్లువారు నవ్వుదురు. సంఘము బండ్లకొలది కొనునప్పుడు అడిగిన సమాధానము చెప్పుదురు. పెద్ద కొనుబడిదారునికి గల హక్కును మనము వెల తగ్గించుటకు మాత్రమే వాడుట తగదు.

మూడవది, సభ్యులందరు ఒక చిన్న పుస్తకము ఉంచుకొనవలెను. ఏ మేకను ఏ దినమున ఏ పోతు కట్టినదో, మూడు వారములకు, అనగా 18 నుండి 22 దినముల లోపల, అది మరల ఎదకు వచ్చినదో లేదో వ్రాయవలెను. ఒకటి రెండు మేకలు తిరిగి వచ్చిన మేకల లోపము కావచ్చును. సగము మంద తిరిగి వచ్చినచో ఆ పోతును పశువైద్యశాలకు తీసికొనిపోయి వీర్యపరీక్ష చేయింపుడు. అంతవరకు ఒక్క మేకనైనను గొడ్డుదని అమ్మవలదు. ఈ పుస్తకమునకు అయ్యెడి ఖర్చు పది రూపాయలు. అది లేక ఆ గ్రామమున మేము చూచిన నష్టము పుస్తకములో వ్రాయలేనిది.

మా మాటలో లోపమున్నచో సభ్యులు తమ యనుభవములను తేదీలతో సహా ఈ పత్రికకు వ్రాసి పంపగోరుచున్నాము. పత్తిచెక్క పెట్టియు మంద నిండుగ ఈనినవారు ఉన్నచో వారి లెక్కయు మాకు కావలెను. ఎంత పెట్టిరో, ఎంతకాలము పెట్టిరో, పచ్చమేత ఎంత వేసిరో తెలిసిన, అది అందరికిని పాఠమగును. ఒకప్పుడు మేము విచారింపక చెప్పిన మాటవలన కొన్ని మంచి మేకలు కత్తి పాలైనవి. వచ్చే సమావేశమున ఒకే బస్తాకు చేయి ఎత్తుటకు ముందు, మన సభ్యులు ఆ వృద్ధ కాపరి ప్రశ్నను ఒక్కసారి తలచుకొందురు గాక: అన్నిటికిని ఉమ్మడిగా నున్నది ఏది?

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు